మామగారి క్లోమ క్యాన్సర్‌కు నానోనైఫ్: ఆ 24.9 నెలల లెక్క ఎక్కడిది?

ఖమ్మం కోడలు (ప్రశ్న):
మా మామగారికి 63 ఏళ్లు. కామెర్లని వెళ్తే క్లోమం తల భాగంలో కణితి బయటపడింది. పేగులకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనిని అది చుట్టేసిందట, అందుకే ఆపరేషన్ కుదరదన్నారు. కాలేయానికి, ఊపిరితిత్తులకు మాత్రం పాకలేదు. నాలుగు నెలలుగా ఫోల్‌ఫిరినాక్స్ కీమో ఇస్తున్నారు, మొన్నటి స్కాన్‌లో కణితి పెరగలేదు. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మా మరిది ఒక వ్యాసం పంపాడు. నానోనైఫ్ అనే పద్ధతిలో 200 మందికి చికిత్స చేస్తే మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది అంతకు మించి బతికిన కాలం, 24.9 నెలలు వచ్చిందట. ఇక్కడ ఒక ఆసుపత్రి వాళ్లు చేస్తామంటున్నారు. ఖర్చు విన్నాక మా ఆయన పొలంలో కొంత అమ్మకానికి పెట్టాలని చూస్తున్నారు. నేను బ్యాంకులో పనిచేస్తాను. అంకె కనిపిస్తే దాని పుట్టుక అడగకుండా ఉండలేను. తెలిసినవారు చెప్పండి.

శ్రీకాకుళం మాస్టారు:
అమ్మా, కోత లేకుండా కరెంటుతో కణితిని చంపేస్తారని నేనూ చదివాను. ఇలాంటి జబ్బులో లెక్కలు చూస్తూ కూర్చుంటే కాలం మించిపోతుంది. అవకాశం ఉన్నప్పుడే చేయించండి.

మత్తు డాక్టరు:
మాస్టారూ, మీ ఆత్రం అర్థమవుతోంది. కానీ ఆవిడ అడిగింది సరైన ప్రశ్న.

ముందు పద్ధతి గురించి. కణితి చుట్టూ సన్నని సూదులు గుచ్చి, వాటి మధ్య 3,000 వోల్టుల దాకా విద్యుత్తును సెకనులో పదివేలవ వంతు కూడా లేని పల్స్‌లుగా పంపుతారు. ఒక్కో సూదుల జతకు సుమారు 90 పల్స్‌లు. కణాల పొరలకు రంధ్రాలు పడి, అవి తిరిగి పూడక కణాలు చస్తాయి. చంపేది వేడి కాదు కాబట్టి పక్కనున్న రక్తనాళపు గోడ చట్రం చాలావరకు నిలుస్తుంది. ధమనిని చుట్టుకున్న కణితికి దీన్ని ప్రయత్నించడం అందుకే. మా పని మాత్రం తేలిక కాదు. కండరాలు పూర్తిగా సడలేలా మందు ఇచ్చినా పల్స్ పడినప్పుడు రోగి ఒళ్లు అదురుతుంది, బీపీ పైకి లేస్తుంది. గుండె లయ తప్పకూడదని ప్రతి పల్స్‌నూ ఈసీజీతో జతచేసి వదులుతారు. "కోత లేదు" అన్న మాటా అన్ని చోట్లా నిజం కాదు, చాలా చోట్ల పొట్ట తెరిచే చేస్తారు.

ఇక అంకె. అది 2015లో అమెరికాలోని లూయివిల్‌కు చెందిన సర్జన్ రాబర్ట్ మార్టిన్ బృందం ప్రచురించినది. ఆ 200 మందిలో 50 మందికి కణితిని కోసి తీసేసి, అంచుల్లో మాత్రమే ఈ పల్స్‌లు ఇచ్చారు. మీ మామగారిలా కణితిని అక్కడే ఉంచి చేసినవారు 150 మంది. అంతకన్నా ముఖ్యం, పక్కన పోల్చడానికి చీటీ తీసి విడదీసిన రెండో గుంపు లేదు. నెలల తరబడి కీమో తట్టుకుని, జబ్బు పాకకుండా నిలబడినవారే సాధారణంగా ఈ చికిత్స దాకా వస్తారు. వాళ్లు ఎలాగూ కొంత ఎక్కువ కాలం బతికేవారే. పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లలనే చేర్చుకుని "మా కాలేజీ ర్యాంకులు చూడండి" అన్నట్టుంటుంది.

చీటీ తీసి పోల్చిన పరీక్ష ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది, పేరు క్రాస్‌ఫైర్, 2024లో వచ్చింది. 68 మందిలో కొందరికి ఈ పద్ధతి, మిగిలినవారికి ఎమ్మారైలో చూస్తూ గురిపెట్టి ఇచ్చే రేడియేషన్. నానోనైఫ్ గుంపులో మధ్యస్థం 12.5 నెలలు, రేడియేషన్ గుంపులో 16.1. ఆ తేడా ఖాయమని చెప్పేంత పెద్ద పరీక్ష కాదు గానీ, నానోనైఫ్ మెరుగని తేలే ఆశ లేదని మధ్యలోనే ఆపేశారు. ఇక్కడ నెలలు లెక్కించింది చీటీ తీసిన రోజు నుంచి. అందుకే 24.9 పక్కన 12.5 పెట్టి చూడకండి. ఒకే పరీక్షలోని రెండు గుంపులనే పోల్చాలి.

నా అభిప్రాయం అడిగితే, ముందు కీమో డాక్టరుతో గురిపెట్టి ఇచ్చే రేడియేషన్ గురించి మాట్లాడండి. పొలం సంగతి ఆ తర్వాత. నానోనైఫ్ చేస్తామన్నవారిని, క్లోమానికి ఇంతవరకు ఎంతమందికి చేశారో, రక్తస్రావం, క్లోమం వాపు ఎంతమందికి వచ్చాయో అడగండి. జవాబు సూటిగా రాకపోతే అదీ ఒక జవాబే.

ఖమ్మం కోడలు:
చాలా థ్యాంక్స్ డాక్టరు గారూ. మా ఆయనకు చదివి వినిపించాను. ఇంకో సందేహం. కామెర్లు తగ్గడానికి పైత్యనాళంలో లోహపు స్టెంటు వేశారు. దానివల్ల ఇబ్బందా?

మత్తు డాక్టరు:
నానోనైఫ్‌కు ఇబ్బందే. లోహం దగ్గర విద్యుత్తు దారి మారుతుంది, వేడి పుట్టవచ్చు. అందుకే చాలాచోట్ల ముందు దాన్ని తీసి ప్లాస్టిక్‌ది వేస్తారు. పైన పొర ఉన్న స్టెంటు అయితే ఎండోస్కోపీతో తీయవచ్చు. పొర లేనిది కణజాలంలో కూరుకుపోతుంది, తీయడం కష్టం. మీది ఏ రకమో డిశ్చార్జి కాగితాల్లో సాధారణంగా రాసి ఉంటుంది. ఆ కాగితాలు వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.