మోటార్‌హోమ్‌కు పెట్రోలు ఇంజిన్ చాలునా, డీజిల్ తప్పదా?

ఫ్రిస్కో వాసి:
మేమిద్దరం త్వరలో ఉద్యోగ విరమణ చేయబోతున్నాము. డాలస్ నుంచి ఏటా వేసవిలో కొలరాడో, యెల్లోస్టోన్ వైపు వెళ్లాలనీ, హైదరాబాదు నుంచి వచ్చే బంధువులను కూడా తిప్పాలనీ మా ఆలోచన. పడకలు, వంటగది ఉండే మోటార్‌హోమ్‌లలో బస్సు ఆకారంలో ఉండే క్లాస్ ఏ బండి కొనాలన్నంతవరకు నిశ్చయమైంది. అయితే ముందు భాగంలో పెట్రోలు ఇంజిన్ ఉన్న బండికీ, వెనుక డీజిల్ ఇంజిన్ ఉన్న ‘పుషర్’కూ మధ్య, మేము చూసిన కొత్త బండ్లలో, దాదాపు లక్ష డాలర్ల తేడా ఉన్నది. ఆ సొమ్ము మైలేజీలోనే తిరిగి వస్తుందని అమ్మకందారు చెబుతున్నాడు. ఇది నమ్మదగిన మాటేనా?

లెక్కల మాస్టారు:
నమ్మదగినది కాదు. ఏడాదికి 8,000 మైళ్లు తిరుగుతారనుకుందాము. పెట్రోలు బండి గ్యాలనుకు 7 మైళ్లు, డీజిల్ బండి 9 మైళ్లు ఇస్తాయని డీజిల్ వైపే మొగ్గి లెక్క వేద్దాము. పెట్రోలు గ్యాలను 3 డాలర్లు, డీజిల్ 3.60 అయితే ఏడాది ఖర్చు మొదటిదానికి సుమారు 3,430 డాలర్లు, రెండవదానికి 3,200. మిగిలేది 230 డాలర్లు. ఈ లెక్కన లక్ష డాలర్లు రాబట్టుకోవడానికి నాలుగు వందల ఏళ్లకు పైగా బండి నడపాలి. కేంద్ర పన్ను సైతం పెట్రోలు మీద గ్యాలనుకు 18.4 సెంట్లయితే డీజిల్ మీద 24.4 సెంట్లు. పైగా 2010 నాటి ఉద్గార నిబంధనల తరువాత వచ్చిన డీజిల్ ఇంజిన్లకు పొగలోని కాలుష్యాన్ని తగ్గించే డెఫ్ అనే యూరియా ద్రావణం కూడా పోస్తూ ఉండాలి.

కొండదారి:
మాస్టారి లెక్కలో తప్పు లేదు, కానీ డీజిల్ కొనేవారిలో మైలేజీ కోసం కొనేవారు అరుదు. పెట్రోలు బండ్లలో అత్యధికం ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద, 7.3 లీటర్ల వీ8 ఇంజిన్‌తో వస్తాయి. దాని శక్తి మోడల్ ఏడాదిని బట్టి 335 నుంచి 350 హార్స్‌పవర్, టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 468 పౌండ్-అడుగులు. పుషర్లలో వచ్చే కమిన్స్ 6.7 లీటర్ల ఇంజిన్‌కు 360 హార్స్‌పవరే ఉన్నా, టార్క్ మాత్రం 800. డాలస్ చుట్టుపక్కల ఈ తేడా తెలియదు. కొలరాడోలో ఐ-70 రహదారి మీద 11,000 అడుగుల ఎత్తు దాటిన ఐసెన్‌హోవర్ సొరంగానికి ఎక్కేటప్పుడు తెలుస్తుంది. టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తిని కోల్పోతుంది కాబట్టి, అక్కడికి చేరేసరికి పెట్రోలు ఇంజిన్‌లో మూడింట రెండు వంతులే మిగులుతుంది. టర్బో ఉన్న డీజిల్‌కు ఆ నష్టం చాలా తక్కువ.

ఎక్కడం కన్నా దిగడం నాకు ముఖ్యం. ఆరేడు శాతం వాలులో డీజిల్ బండిలోని ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని బిగించి ఇంజిన్‌తోనే వేగం తగ్గించే ఏర్పాటు) వేసుకుంటే పన్నెండు టన్నుల బండి, పెడల్ పెద్దగా తొక్కకుండానే, అదుపులో దిగుతుంది. ఇంజిన్ మోత వెనుకే ఉండిపోవడం, ఎయిర్ సస్పెన్షన్ వల్ల కుదుపులు తగ్గడం వేరే లాభాలు. వయసు మీద పడుతున్నవారికి అవి చిన్నవి కావు.

లెక్కల మాస్టారు:
మీరు మెచ్చుకున్న వాటిలో సగం ఛాసిస్ గుణాలు, ఇంజిన్ గుణాలు కావు. ఫోర్డ్‌లో టో-హాల్ (బరువు లాగేటప్పటి) మీట నొక్కితే గేర్లు వాటంతట అవే దిగి వేగాన్ని పట్టి ఉంచుతాయి. మోత ఎక్కువే, కానీ పని జరుగుతుంది. ఎక్కేటప్పుడు కుడి లేనులో లారీల వెంట నెమ్మదిగా వెళ్తే పదవీ విరమణ చేసినవారికి పోయేదేమిటి? మరమ్మతుల సంగతీ చూడండి. 2021లో చిప్‌ల కొరత వల్ల చెడిపోయిన డెఫ్ ట్యాంకు సెన్సార్లకు బదులు కొత్తవి దొరకలేదు. ఇంజిన్ నిక్షేపంలా ఉన్నా, కంప్యూటరు వేగాన్ని గంటకు 5 మైళ్లకు కుదించడంతో ఎన్నో డీజిల్ మోటార్‌హోమ్‌లు కదలలేకపోయాయి. పెట్రోలు బండికి ఆ బెడదే లేదు.

ఇర్వింగ్ నుంచి:
లైసెన్సు మాట ఎవరూ ఎత్తలేదు. టెక్సస్‌లో 26,000 పౌండ్లు దాటిన మోటార్‌హోమ్ నడపాలంటే వాణిజ్యేతర క్లాస్ బీ లైసెన్సు తీసుకోవాలి. పెద్ద పుషర్లు ఆ పరిమితి దాటుతాయి. ఎఫ్-53 అక్కడికే ఆగుతుంది.

ఫ్రిస్కో వాసి:
అందరికీ కృతజ్ఞతలు. మైలేజీ మాట పక్కన పెట్టాము. మా తిరుగుడు 8,000 మైళ్లకు చేరకపోవచ్చు. అందువల్ల పెట్రోలు వైపే మొగ్గుతున్నాము. వెనుక ఒక కారు కట్టుకుని వెళ్లాలని మాత్రం ఉన్నది.

కొండదారి:
అయితే సంతకం పెట్టే ముందు ఒక్క అంకె చూడండి. 26,000 పౌండ్ల ఎఫ్-53కి, కారుతో కలిపి మొత్తం బరువు పరిమితి 30,000. హుక్కు 5,000 పౌండ్లు లాగుతుందని రాసి ఉన్నా, బండి నిండుగా ఉంటే కారుకు మిగిలేది 4,000 మాత్రమే. నాలుగు తలుపుల జీప్ రాంగ్లర్ అంతకు మించి తూగుతుంది. కారు వద్దనుకుందామా అంటే, మోంటానాలో గ్లేసియర్ పార్కులోని గోయింగ్-టు-ద-సన్ రోడ్డు పైభాగంలోకి 21 అడుగులు దాటిన వాహనాలను రానివ్వరు. యెల్లోస్టోన్‌లో కూడా అంత పొడవు బండికి నిలిపే చోటు దొరకడం కష్టం. బంధువులు, సామాను, నిండు నీళ్ల ట్యాంకుతో లారీల కాటా మీద ఒకసారి తూచి చూపించమని అమ్మకందారును అడగండి. అతడు తటపటాయిస్తే పుషర్ ధర మళ్లీ చూడండి, వాడిన బండి అయినా సరే.

లెక్కల మాస్టారు:
ఈ కాటా సలహాతో నాకు పేచీ లేదు. పేచీ వాడిన పుషర్ దగ్గరే: కొనే ముందు డెఫ్ వ్యవస్థను, టైర్ల మీద ముద్రించిన తయారీ వారాన్ని స్వతంత్ర మెకానిక్ చేత చూపించకుండా బయానా ఇవ్వవద్దు.