రొమ్ములో చీము గడ్డ: సూదితో లాగించాలా, కోయించాలా?

గుణుపురం అన్నయ్య:
మా చెల్లెలు బాలింత. బిడ్డకు రెండో నెల. వారం నుంచి జ్వరం, ఒక రొమ్ము ఎర్రబడి గట్టిపడింది. స్కానింగులో 4 సెంటీమీటర్ల చీము గడ్డ అని తేలింది. ఇక్కడి సర్జన్ మత్తు ఇచ్చి కోసి తీసేస్తానన్నారు. శ్రీకాకుళంలో చూపిస్తే కోత వద్దు, స్కాన్‌లో చూస్తూ సూదితో లాగేస్తామన్నారు. ఇంట్లో రెండు పార్టీలైపోయాం. మీరేమంటారు?

రాయగడ రావు:
కోయించేయండి, ఒక్కసారితో పీడ పోతుంది. సూదితో లాగితే మళ్లీ చేరుతుంది, మళ్లీ పరుగు. పర్లాకిమిడి, పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్లి రావడమంటే చంటిబిడ్డతో మాటలా? చీము ఉన్నచోట కత్తి పడాల్సిందేనని పాత డాక్టర్లు ఊరికే అనలేదు.

పర్లాకిమిడి సిస్టర్:
రావు గారూ, కోతతో ఒక్కరోజులో అయిపోతుందని మీకెవరు చెప్పారు? కోశాక ఆ గుంతలో గాజ్ గుడ్డ (డ్రెస్సింగుకు వాడే పల్చటి బట్ట) కుక్కి రోజూ మార్చాలి. గాయం లోపలి నుంచి పూడుకుంటూ రావాలి కాబట్టి వారాలు పడుతుంది. ఆ గుడ్డ లాగుతుంటే బాలింతలు పెట్టే కేకలు వార్డులో ఉన్నవాళ్లకు తెలుసు. పాల నాళం తెగితే గాయంలోంచి పాలు కారి మానడం ఇంకా ఆలస్యమవుతుంది. మచ్చ సరేసరి.

సూదికైతే పూర్తి మత్తు అక్కర్లేదు. ఆ చోటు మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇచ్చి, లావు సూదితో చీము లాగి, అవసరమైతే సెలైన్‌తో కడుగుతారు. మామూలుగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. రెండు మూడు రోజులకు మళ్లీ స్కాన్ చేసి, మిగిలి ఉంటే లాగుతారు. చాలామందికి రెండు మూడు సార్లతో సరిపోతుంది. తిరుగుడు లెక్కే చూస్తే ఎక్కువ తిప్పేది డ్రెస్సింగే.

రాయగడ రావు:
డ్రెస్సింగు మా ఊళ్లోనే చేయించుకోవచ్చు కదమ్మా. సూదికి స్కాన్ మెషిన్, దాన్ని చూస్తూ గుచ్చగల డాక్టరు, రెండూ ఉండాలి. మన ఏజెన్సీ పక్కన అవి ఎన్నిచోట్ల ఉన్నాయి? రెండోసారి వెళ్లలేకపోతే సగం చీము లోపలే ఉండిపోతుంది.

పర్లాకిమిడి సిస్టర్:
ఆ భయం నాకూ ఉంది. మళ్లీ వెళ్లే వీలు లేని ఇంటికి సూది వైద్యం చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ ఈ బాబు శ్రీకాకుళం ఒకసారి వెళ్లొచ్చాడు కదా.

బరంపురం పీజీ:
డాక్టర్నే, అయినా చూడకుండా వైద్యం చెప్పను. మీరు గమనించాల్సింది గడ్డ మీది చర్మం. అది మామూలుగా ఉంటే 4 సెంటీమీటర్ల గడ్డకు ముందు సూదే ప్రయత్నించాలి. చర్మం పల్చబడి మెరుస్తున్నా, నల్లబడినా సూది పనికిరాదు, చిన్న కోత పెట్టాల్సిందే. అదీ చాలాసార్లు అక్కడికే మత్తు ఇచ్చి చేయొచ్చు. 5 సెంటీమీటర్లు దాటిన వాటికి సన్నటి గొట్టం వేసి కొన్నాళ్లు ఉంచే పద్ధతి ఉంది. రావు గారన్నట్టు పదే పదే వెళ్లలేనివాళ్లకు అదే నయం.

లాగిన చీమును కల్చర్‌కు (అందులో ఏ సూక్ష్మజీవి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు) పంపమని అడగండి. ఎక్కువగా స్టాఫైలోకాకస్ అనే సూక్ష్మజీవే ఉంటుంది, కానీ మామూలు యాంటీబయాటిక్‌కు లొంగని రకం మన దగ్గర తక్కువేం కాదు. ఎన్నిసార్లు లాగినా తగ్గకపోతే క్షయ ఉందేమో, క్యాన్సర్ ఉందేమో చూడాలి, ముక్క తీసి పరీక్షించాలి. ఊరికే మందులు మారుస్తూ కూర్చోకూడదు.

ఇచ్ఛాపురం పెద్దమ్మ:
ఇవన్నీ ఎందుకు నాయనా, రొమ్ము మీద మల్లెపూలు కట్టి పాలు ఆపేస్తే సరి. పాలు లేకపోతే గడ్డెక్కడిది?

పర్లాకిమిడి సిస్టర్:
పెద్దమ్మా, ఇప్పుడు పాలు ఆపితే బిడ్డకే నష్టం. ఒక్కసారిగా ఆపితే రొమ్ము ఇంకా బిగుసుకుంటుంది. రెండో వైపు తాగించడానికి అడ్డే లేదు. గడ్డ ఉన్న వైపూ నొప్పి ఓర్చుకోగలిగితే తాగించొచ్చు. చనుమొన నుంచి చీము వస్తుంటే మాత్రం ఆ వైపు పిండి పారబోయాలి. గడ్డ కరగాలని నూనె రాసి గట్టిగా పిసకొద్దు, వాపు పెరుగుతుంది. చల్లటి గుడ్డ వేయండి.

గుణుపురం అన్నయ్య:
చర్మం మామూలుగానే ఉంది, ఎరుపు తప్ప. శ్రీకాకుళమే ఖాయం చేశాం. బావ బుధవారం వస్తాడు, అప్పుడు బయలుదేరుతాం. అందాకా ఇక్కడ రాసిన మాత్రలు వేస్తున్నాం.

బరంపురం పీజీ:
చీము చేరాక మాత్రలొక్కటే పనిచేయవు. బుధవారం దాకా ఆగితే ఆ చర్మం అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. బావ కోసం చూడకండి, రేపు పొద్దున్నే వెళ్లండి.