స్వాతంత్ర్యంలో సాయంత్రం ఉందా, లేదా?

పలకాబలపం:
ఆగస్టు 15 సెలవుకి అందరం ఇంట్లోనే ఉన్నాం. పెద్ద మాట ఒకటిచ్చి, దాని అక్షరాలతో చిన్న మాటలు కట్టే ఆట పెట్టాను. రోజుకి తగ్గట్టు ‘స్వాతంత్ర్యం’ ఇచ్చాను. పందెం కాజాల డబ్బా. ఐదు నిమిషాలైనా పిల్లలకి ఒక్క మాటా రాలేదు. ఉన్నవే మూడక్షరాలు: స్వా, తం, త్ర్యం. అప్పుడు మా మామగారు పేపర్ మడిచి ‘సాయంత్రం’ అన్నారు.

మా ఆడపడుచు ఊరుకోలేదు. ‘అందులో సా ఎక్కడుంది నాన్నా?’ అంది. ఆయన పలక తీసుకుని, స్వా కింద ఉన్న వ వత్తుని వేలితో చెరిపేశారు. సా మిగిలింది. త్ర్యం నుంచి య వత్తు బయటికి తీసి, తం లోని సున్నా దాని పక్కన పెట్టారు. యం. మిగిలింది త్రం. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మీరు చెప్పండి, డబ్బా ఎవరికివ్వాలి?

గళ్ళపిచ్చి:
ఎవరికీ ఇవ్వకండి. గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) పూరించేవాళ్ళెవరినైనా అడగండి, గడికి ఒక అక్షరం. త్ర్యం ఎంత బరువున్నా ఒకే గడిలో కూర్చుంటుంది. అదే లెక్క ఇక్కడా. మాట సరిగ్గా ఎంచుకోవాలి గానీ ఆటకేం లోటు లేదు. ‘విజయనగరం’ ఇచ్చి చూడండి: జయ, విజయ (తెలుగు ఏళ్ళ పేర్లు), నగ, నగరం, నరం. ఏదీ విరగ్గొట్టక్కర్లేదు.

తోకచుక్క:
మీ లెక్కన అయిదు మాటలకే ఆట అయిపోయిందండీ. అదే విజయనగరంలో గుడినీ సున్నానీ విడిగా తీసుకుంటే నిజం, గజం, జనం, వరం, రవి, గని వస్తాయి. ‘గిరి’ మాత్రం రాదు. గ, ర ఉన్నాయి గానీ రెండు గుడులు కావాలి, ఉన్నది ఒక్కటే. అదీ అసలు మజా. ఏది ఎన్ని ఉందో లెక్కపెట్టుకుంటూ ఆడాలి. ఫోన్లో మనం టైపు చేసేది కూడా ముక్కలే. ‘స్త్రీ’ చూడటానికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఈ లెక్కన స్వాతంత్ర్యం పన్నెండు ముక్కలు. సాయంత్రానికి ఎనిమిది చాలు. వ, త, రెండు పొల్లులు మిగిలాయి. మామగారు గెలిచారు.

గళ్ళపిచ్చి:
యూనికోడ్ మనకి అక్షరాభ్యాసం చేయించలేదు కదండీ. పిల్లాడు ‘కి’ అంటాడు గానీ ‘క, గుడి’ అని పలకడు.

తోకచుక్క:
‘కకు గుడిస్తే కి’ అని గుణింతం చెప్పుకోలేదా మీరు?

పాతచింత:
ఈ తగువు కొత్తది కాదు. బాణుడి కాదంబరిలో శూద్రక మహారాజు పొద్దుపుచ్చే ఆటల్లో అక్షరచ్యుతకం, మాత్రాచ్యుతకం రెండూ ఉన్నాయి. ఏడో శతాబ్దపు మాట. మొదటి దాంట్లో అక్షరం జారిపోతే వేరే మాట వస్తుంది, రెండో దాంట్లో మాత్ర, అంటే గుణింతపు గుర్తు, జారితే. బిందుచ్యుతకం అని సున్నా జార్చే ఆట కూడా ఉంది. అంటే మాత్రనీ సున్నానీ విడదీయడం వాళ్ళకి తప్పుగా తోచలేదు. అలాగని మామగారి పక్షమూ కాదు నేను. అక్కడ జారేది ఒక్కటి, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. మామగారు తం లోని సున్నాని తీసి య పక్కన పెట్టారు. చ్యుతకం అంటే జారడం, ఇది గెంతడం.

ప్రాస సంగతీ చూడండి. పద్యంలో ప్రతి పాదానికీ రెండో అక్షరంలో హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా ఒప్పుకుంటారు. కాబట్టి గుణింతం విడదీయొచ్చు. కానీ అక్కడ సంయుక్తాక్షరం పడితే నాలుగు పాదాల్లోనూ అదే సంయుక్తం పడాలి. అందుకని నా ఓటు: గుణింతం విప్పండి, వత్తుల జోలికి పోకండి.

తోకచుక్క:
అప్పుడు స్వాతంత్ర్యం నుంచి ‘స్వంతం’ లాంటి ఒకటీ అరా తప్ప ఏమీ రాదండీ! వత్తులు విప్పితే సత్యం, స్వరం, వ్రతం, యంత్రం, తాత, సంత... ఇంత పంట వదులుకుంటామా?

గళ్ళపిచ్చి:
అందుకే ఆ మాట ఇవ్వకూడదంటున్నాను. ఇంకోటి, ‘రవి’ మనిషి పేరని అంటే ఎవరొప్పుకుంటారు? సూర్యుడు అంటే సరే. విజయనగరంలో ‘వినయ’ కూడా ఉంది, అది నేనే కొట్టేశాను. డుమువులు (మాట చివర చేరే డు, ము, వు, లు) లేకుండా తెలుగులో నిలబడదు, వినయం కావాలి. వాటిని వదిలేస్తే గజ, జన, నర అంటూ సంస్కృతం మొత్తం దిగుతుంది.

పాతచింత:
ఆ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తాను.

పలకాబలపం:
నిన్న రాత్రి మళ్ళీ ఆడాం. పిల్లలకి అక్షరాల ఆట, పెద్దలకి ముక్కల ఆట అని ముందే చెప్పాను. మాట ‘కాకినాడ’. పిల్లలు వెంటనే కాకి అన్నారు, కాసేపటికి కాడ దొరికింది. అంతా బాగానే నడుస్తోంది. ఇంతలో మా చిన్నాడు ‘నాడి’ అన్నాడు. వాడికి ఏడేళ్ళు, ఆడుతున్నది పిల్లల ఆట. ఎలా వచ్చిందిరా అంటే, కి గుడి తీసి డ కి పెట్టాను, తాత నేర్పించాడు అన్నాడు. మా ఆడపడుచు నా వైపు చూస్తోంది. మార్కు ఇవ్వనా?