స్కెచ్ పెన్ ముందు నా బ్రౌన్ బెల్ట్ పనిచేయలేదు. లోపం నాదా, టెక్నిక్‌దా?

నాలుగేళ్లుగా కరాటే నేర్చుకుంటున్నాను, బ్రౌన్ బెల్ట్. మా క్లాసులో శనివారం సెల్ఫ్ డిఫెన్స్ ఉంటుంది. కత్తితో పొడవడానికి వస్తే రెండు చేతులూ ఇంటూ గుర్తులా అడ్డంపెట్టి ఆపాలి, మణికట్టు దొరకబుచ్చుకుని మెలితిప్పాలి, కత్తి లాక్కోవాలి. క్లాసులో నాకిది ఎప్పుడూ తప్పలేదు.

మొన్న మా బావమరిది ముందు గొప్పకు పోయాను. పాత తెల్ల బనీను వేసుకుని, వాడి చేతికి ఎర్ర స్కెచ్ పెన్ ఇచ్చి "పొడువురా" అన్నాను. వాడు ఏ క్లాసు గడపా తొక్కినవాడు కాదు. క్లాసులో పార్ట్‌నర్ ఒక అడుగు ముందుకేసి, చెయ్యి చాపి బొమ్మలా నిలబడతాడు. వీడు నిలబడడే! ఎడం చేత్తో నా భుజం పట్టుకుని కుట్టుమిషను సూదిలా పొడిచి లాగడం, పొడిచి లాగడం. పదిసార్లలో ఒక్కసారి చెయ్యి దొరికింది, అప్పటికే పొట్ట మీద మూడు గీతలు. మా ఆవిడ ఆ బనీను ఉతక్కుండా దాచి ఇంటికొచ్చినవాళ్లకు చూపిస్తోంది.

మాస్టారిని అడిగితే "స్పీడు చాలదు, ఇంకా ప్రాక్టీస్ చెయ్" అన్నారు. అంతేనంటారా?

పాత జూడో మనిషి:
ప్రాక్టీస్ సరే, ఎలాంటి ప్రాక్టీస్ అన్నదే అసలు సంగతి. జూడోకు ఆద్యుడు జిగోరో కానో 1882లో కొడోకాన్ అనే జూడో బడి మొదలుపెట్టి, పాత జుజుత్సులో పూర్తి బలంతో చేసినా ఎదుటివాడు బతికి బట్టకట్టే పట్లను రాందోరిలోకి, అంటే ఇద్దరూ నిజంగా పెనుగులాడే ప్రాక్టీసులోకి తెచ్చాడు. గుద్దులు, తన్నులు కటాలోనే, అంటే ముందే అనుకున్న వరసలో చేసే ప్రాక్టీసులోనే ఉండిపోయాయి. ప్రమాదకరమైనవి తీసేస్తే మిగిలేది పిల్లలాట కదా అనిపిస్తుంది. కాదు. రాందోరిలో అవతలివాడు పడకూడదన్న పంతంతో ఉంటాడు. కటాలో నా ఒసోతో గారి (కాలితో కాలు లాగి వెనక్కి పడేసే పట్టు) చూసి అందరూ మెచ్చుకునేవాళ్లు, రాందోరిలో అది ఒక్కసారి పడటానికి ఏడాది పట్టింది. మీ నాలుగేళ్లలో మిమ్మల్ని నిజంగా అడ్డుకున్న మొదటి మనిషి మీ బావమరిదేనేమో!

మెట్లమీద అమ్మాయి:
కత్తి సంగతి నాకు తెలియదండి, మణికట్టు సంగతి చెబుతాను. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వాళ్ల బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఉన్న సందులోంచి లాగమంటారు. పట్టులో బలహీనమైన చోటు అదే కాబట్టి ఆ మాట నిజమే. కానీ పట్టుకున్నవాడు ఊరికే ఉండడు, ఈడుస్తాడు. నన్నొకడు మెట్లమీద పట్టుకుని లాగినప్పుడు, నేర్చుకున్న ఆరు పద్ధతుల్లో ఒక్కటీ గుర్తురాలేదు. ఆ టెన్షన్‌లో వేళ్లు మన మాట వినవు. బరువంతా వేసి కూలబడి గొంతు చించుకుని అరిచాను. వాడే వదిలేసి పోయాడు. కూలబడటం మాత్రం ఏ క్లాసులోనూ నేర్పలేదు.

సెక్యూరిటీ ట్రైనింగ్ ఇచ్చినవాణ్ణి:
1983లో డెన్నిస్ ట్యూలర్ అనే అమెరికా పోలీసు అధికారి రాసిన లెక్క ఒకటుంది. కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల దూరం సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడు. అంతలో ఒరలోంచి తుపాకీ తీసి కాల్చడానికే కష్టం, మీరేమో మణికట్టు పట్టుకోవాలనుకుంటున్నారు! పైగా పొడవదలచినవాడు కత్తి ముందే చూపించాల్సిన పనిలేదు. దారి ఉంటే పరుగు, లేకపోతే మధ్యలో కుర్చీ, బ్యాగు, ఏదో ఒకటి. మీదపడిపోతే మాత్రం మెలితిప్పే ఆలోచన మానేసి, మీ రెండు చేతులతో ఆ కత్తి చేతినే పట్టుకుని ఒంటికేసి అదిమేయండి. అది వెనక్కి పోకుండా చూడటమే మీ పని. అప్పుడూ గాయాలవుతాయి. కాకుండా చూపిస్తానన్నవాడికి స్కెచ్ పెన్ ఇచ్చి చూడండి.

ప్రశ్న అడిగినవాణ్ణి:
నిన్న మళ్లీ బావమరిదిని పిలిచాను. రెండు చేతులతో అదిమితే పదింటిలో నాలుగుసార్లు ఒక్క గీతతో బయటపడ్డాను. కుర్చీ అడ్డం పెడితే వాడు పొడవడం మానేసి కుర్చీ లాక్కోవడానికి దిగాడు, ఈలోపు నేను గుమ్మం దాటేశాను. మాస్టారికి రెండు బనీన్లూ చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఈ శనివారం అందరినీ స్కెచ్ పెన్నులు తెచ్చుకోమన్నారు. ఆయన తెల్ల డ్రెస్ వేసుకొస్తారో లేదో చూడాలి.