వీధిలో కంటే ముందు బాత్రూంలోనే నీళ్లు. గోడ ఎత్తు చేస్తే ఆగుతాయా?

కాలనీవాసి:
ఊరి శివార్లలో మాది సొంత ఇల్లు. కింద మేముంటాం, పైన అద్దెవాళ్లు. కట్టినప్పుడు రోడ్డు కంటే ఇల్లే ఎత్తులో ఉండేది. తర్వాత రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర పరుస్తూ పోయారు, ఇప్పుడు గేటు దగ్గర రోడ్డే పైన ఉంది. మొన్నటి పెద్ద వానకి ఇంట్లో పిక్కల దాకా నీళ్లు. నాకు అర్థం కానిదేంటంటే, వీధిలో నీళ్లు ఇంకా గడప దాటనేలేదు, బాత్రూం జాలీ దగ్గర బుడబుడమని చప్పుడు మొదలై నల్లటి నీళ్లు పైకి తన్నాయి, చూస్తుండగానే హాల్లోకి వచ్చేశాయి. అమ్మని మంచం మీద నుంచి దిగనివ్వలేదు, రాత్రంతా ఒకటే టెన్షన్. మేస్త్రీ వచ్చి చూసి, గేటు దగ్గర గోడ కట్టి గడప ఎత్తు చేద్దాం అంటున్నాడు. అంత ఖర్చు పెట్టాక మళ్లీ నీళ్లొస్తే భరించే ఓపిక లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పైపులైను:
గోడ ఒక్కటే కడితే ఆగదండి. మీకు ముందు వచ్చింది వీధి నీళ్లు కాదు, డ్రైనేజీ ఎదురు తన్నింది. వాన నీళ్లు మ్యాన్‌హోళ్లలోకి దిగి మెయిన్ లైను నిండిపోయాక, అక్కడి నీటి మట్టం మీ బాత్రూం నేల కంటే పైకి లేచిందంటే నీళ్లు మీ పైపులోంచే వెనక్కి వస్తాయి. రోడ్డు ఎత్తు పెరిగేకొద్దీ ఇది ఎక్కువవుతుంది, ఎందుకంటే మ్యాన్‌హోల్ మూత కూడా దాంతో పాటే పైకి పోయింది, నీళ్లు రోడ్డు మీద పొర్లకముందే మీ ఇంట్లో తేలతాయి. ఇలాంటప్పుడు చుట్టూ గోడ కడితే లోపల తన్నిన నీళ్లు బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది.

చేయించాల్సింది నాన్ రిటర్న్ వాల్వ్. మీ ఇంటి లైను వీధి లైన్లో కలిసే ముందున్న ఛాంబర్లో పెడతారు. లోపల ఒక రెక్క ఉంటుంది, నీళ్లు బయటికి పోయేటప్పుడు తెరుచుకుంటుంది, వెనక్కి వస్తే మూసుకుంటుంది. అయితే చాలామంది ప్లంబర్లు చెప్పని సంగతి ఒకటుంది. రెక్క మూసుకున్నాక మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు. అప్పుడు పైన అద్దెవాళ్లు బకెట్టు నీళ్లు పోసినా అవి మీ కింది బాత్రూంలోనే తేలతాయి. అందుకని పై అంతస్తు లైనుని వాల్వ్ దాటాక కలపాలి, కింది అంతస్తు ఒక్కటే వాల్వ్ గుండా పోవాలి. రెక్క దగ్గర వెంట్రుకలు, గుడ్డపీలికలు చుట్టుకుంటే సరిగ్గా మూసుకోదు, కాబట్టి మూత తీసి శుభ్రం చేసుకునేలా పెట్టించండి. కాంక్రీటు కింద పూడ్చేస్తే ఉన్నా లేనట్టే.

ఇంకొకటి, మీ డాబా మీది వాన పైపు ఎక్కడికి పోతోందో చూడండి. 1 చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే 5,000 లీటర్లు. అదంతా మురుగు ఛాంబర్లోకే దిగుతుంటే, వాల్వ్ మూసుకున్నప్పుడు ఆ నీళ్లే మిమ్మల్ని ముంచుతాయి.

వైరింగ్ పని:
పైన చెప్పింది కరెక్ట్. నేను కరెంటు సంగతి చెప్తాను, ఎందుకంటే నీళ్లు రాగానే అందరూ ఫ్రిజ్ ఎత్తడానికి పరిగెడతారు. నీళ్లు గదిలోకి రాకముందే మెయిన్ ఆపేయాలి, ఒకసారి వచ్చాక నీళ్లలో నిలబడి బోర్డు ముట్టుకోకూడదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మెయిన్ ఆపినా ఆ లైన్లలో కరెంటు ఉంటుంది, దాన్ని విడిగా ఆపాలి. చాలా ఇళ్లలో బ్యాటరీ నేల మీదే పెడతారు, దాన్ని కూడా పైకి ఎత్తించండి. నీళ్లు తగ్గాక తడిసిన బోర్డులు, మోటార్లు ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయొద్దు. కారు ఇంజన్ దాకా మునిగి ఉంటే తాళం తిప్పొద్దు, లోపలికి నీళ్లు పోయుంటే ఇంజనే పాడవుతుంది.

పల్లపు వీధి:
మాదీ పల్లమే కాబట్టి రాస్తున్నా. వాల్వ్ మీ ఇంటిని కాపాడుతుంది, వీధిని కాదు. ఒకప్పుడు ఖాళీ స్థలాలుండేవి, వాన చాలావరకు మట్టిలోకి ఇంకేది. ఇప్పుడు గోడ నుంచి గోడకి సిమెంటే, పడిన చుక్కల్లా ఒక్కసారే కాలువ మీద పడుతోంది. కాలువేమో పాత సైజుదే, పైగా దాని మీదికి ర్యాంపులు. వానలకు ముందు అందరూ కలిసి కాలువ చివరిదాకా నడిచి వెళ్లి చూడండి. మా దగ్గర వీధంతా పూడిక తీశాం, అయినా నీళ్లు నిలిచాయి, చివరికి చూస్తే రోడ్డు కింద కల్వర్టు పైపు సగానికి పైగా మట్టితో నిండి ఉంది. అది ఫోటో తీసి అందరి సంతకాలతో ఇచ్చాకే పని కదిలింది. రోడ్డు మళ్లీ వేసేటప్పుడు పాత పొర గీకమని కూడా ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి, తారు లారీ వచ్చాక ఎవరూ వినరు.

నీళ్ల సంపు మూత నేలమట్టానికి ఉంటే అంచు కట్టి ఎత్తు చేయించండి. మొన్న మునిగి ఉంటే ఆ నీళ్లు తాగొద్దు, మొత్తం తోడేసి, బురద కడిగి, ఆ తర్వాతే బ్లీచింగ్ వేయండి. బురద ఉండగా వేస్తే సరిగ్గా పనిచేయదు.

కాలనీవాసి:
ఇప్పుడే ఛాంబర్ మూత తీసి చూశాను. డాబా పైపు, పైవాళ్ల లైను, మాది, మూడూ అందులోనే కలుస్తున్నాయి. గోడ పని ఆపమని మేస్త్రీకి చెప్పాను. లైన్లు విడగొట్టడానికి టైం పడుతుందంటున్నాడు ప్లంబర్, ఈలోపు వాన వస్తే?

పైపులైను:
డాబా పైపు ముందు విడగొట్టించండి, అది చిన్న పనే. జాలీలకి సరిపోయే రబ్బరు ప్లగ్గులు దొరుకుతాయి, మర తిప్పితే ఉబ్బి బిగుసుకుంటాయి, అవి తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. టాయిలెట్‌లోకి ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టిన ఇసుక మూట దింపండి. అవి పెట్టినంతసేపూ పైవాళ్లని నీళ్లు వాడొద్దని ముందే చెప్పి ఉంచండి. ఇక అమ్మగారిని మాత్రం, మబ్బు గట్టిగా పట్టిందంటే పగలుండగానే పై అంతస్తుకి పంపించేయండి.