గొంతు జబ్బును సాఫ్ట్‌వేర్ తేల్చగలదా?

చిత్తూరు హార్మోనియం:
మా వైపు మహాభారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి నాటకం. దుర్యోధన వేషం కట్టే మా మిత్రుడి గొంతు రెండు నెలలుగా బొంగురుగానే ఉంది. తిరుపతిలో ఒకచోట ‘ఆ’ అని సాగదీయించి, ‘ప్రాట్’ అనే సాఫ్ట్‌వేర్‌లో చూసి, ‘జిట్టర్ (గొంతు కంపనాల్లో తేడా) 1.04 శాతం దాటలేదు, భయం లేదు’ అన్నారట. గొట్టంతో చూసే పరీక్ష ఇక ఎందుకని ఆయన మొండికేస్తున్నాడు. మీరేమంటారు?

స్వరచికిత్స, తిరుపతి:
ప్రాట్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో బోయర్స్‌మా, వీనింక్ తయారుచేశారు, పైసా ఖర్చు లేదు. చెవితో విని బొంగురుకు 0 నుంచి 3 దాకా మార్కులు వేసే పద్ధతీ ఉంది కానీ, పొద్దున నేను 2 వేసిన గొంతుకు సాయంత్రం 1 వేయనన్న పూచీ లేదు. అంకెకు ఆ అలసట ఉండదు.

గొంతు డాక్టరు:
అలసట ఉండదు సరే, ఆ 1.04 ఎక్కడిది? అది ఎండీవీపీ అనే వేరే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న హద్దు. లెక్క కట్టే పద్ధతే వేరు. సరైన హద్దు బహుశా ఇంకా తక్కువే ఉంటుందని ప్రాట్ మాన్యువల్‌లోనే రాసి ఉంది, చదివేవారేరీ!

అసలు చిక్కు వేరే ఉంది. స్వరతంత్రుల ఒక కంపనానికీ తర్వాతి దానికీ పట్టే సమయంలో తేడాయే జిట్టర్. అది కొలవాలంటే ఏ కంపనం ఎక్కడ మొదలైందో ముందు దొరకాలి. గొంతు బాగా చెడినవారి ‘ఆ’ను తెరిచి చూడండి: కంపనాలను గుర్తించే నీలి గీతలు మధ్యమధ్య మాయమవుతాయి, లేదా లేనిచోట పుట్టుకొస్తాయి. అప్పుడు వచ్చే అంకెకు అర్థం లేదు. దాదాపు క్రమంగా కంపించే గొంతుకే ఈ కొలతలు వాడాలని స్వరశాస్త్రవేత్త టిట్జె 1995లోనే చెప్పారు. అంటే జబ్బు ముదిరిన వారి దగ్గరే ఇది చేతులెత్తేస్తుంది.

స్వరచికిత్స, తిరుపతి:
అందుకే మేము ఇప్పుడు సెప్‌స్ట్రల్ పీక్ (గొంతు కంపనాల క్రమం ఎంత స్పష్టంగా ఉందో మొత్తంగా చూపే కొలత) కూడా చూస్తున్నాం. దానికి విడివిడి కంపనాలు దొరకనక్కరలేదు, మామూలు మాటల మీదా పనిచేస్తుంది. ఫ్యాను ఆపి, అదే మైకు, అంతే దూరం పాటిస్తే థెరపీకి ముందూ తర్వాతా తేడా చక్కగా తెలుస్తుంది. కొందరు వాట్సాప్‌లో గొంతు పంపి రిపోర్టు అడుగుతారు, వారికి దండం.

గొంతు డాక్టరు:
ముందూ తర్వాతా పోల్చుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. బొబ్బ వచ్చిందా, తంత్రి చచ్చుబడిందా, క్యాన్సరా అన్నది మాత్రం ఏ అంకే చెప్పదు. బొంగురు 4 వారాల్లో తగ్గకపోతే స్వరపేటికను చూడాలని అమెరికా వైద్యుల 2018 మార్గదర్శకాలు అంటున్నాయి. పొగతాగే అలవాటుంటే అన్నాళ్లూ ఆగకూడదు. మీ దుర్యోధనుడు బీడీ కాలుస్తాడా?

చిత్తూరు హార్మోనియం:
కట్టలు కట్టలు.

గొంతు డాక్టరు:
అయితే ఈ చర్చ ముగిసేదాకా ఆగకండి. మత్తుమందు చల్లి చూసే కొద్ది నిమిషాల పరీక్షే అని చెప్పి, ఈ వారమే తీసుకెళ్లండి.

స్వరచికిత్స, తిరుపతి:
ఈ ఒక్క విషయంలో డాక్టరుగారితో నాకు పేచీ లేదు. 1.04 సంగతి మాత్రం ఇంకా తేల్చుకోవాలి.