విండో ఏసీ నేనొక్కడినే బిగించుకోవచ్చా? కొత్తగా వచ్చాను, కాస్త చెప్పండి

కొత్త అద్దెదారు:
అందరికీ నమస్తే. అమెరికా వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. మూడో అంతస్తులో ఒక గది అద్దెకు తీసుకున్నాను, 200 చదరపు అడుగులు ఉంటుందేమో. సెంట్రల్ ఏసీ లేదు. ఊరు మారుతున్న సీనియర్ ఒకాయన తన విండో ఏసీ ఇచ్చేసి వెళ్లారు. 8,000 బీటీయూ అట, అంటే చల్లబరిచే శక్తికి కొలత. మాన్యువల్ లేదు. కిటికీ కింది రెక్క పైకి జరిగే రకం. నేనొక్కడినే పెట్టుకోగలనా? ఏమేం సామాన్లు కావాలి?

లీజు చదివినవాడు:
తమ్ముడూ, బిగించడం తర్వాత సంగతి. లీజు చదివావా? కొన్ని బిల్డింగుల్లో విండో ఏసీ అసలు ఒప్పుకోరు. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు గానీ, ఏసీ కింద బరువు మోసే బ్రాకెట్ ఉండాలనో, వాళ్ల మనిషే బిగించాలనో రాస్తారు. ఆఫీసుకి వెళ్లి నోటితో అడిగి రావద్దు. ఈమెయిల్ పెట్టు, జవాబు వచ్చేదాకా ఆగు. ఇంకొకటి, బ్రాకెట్ లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం. అమెరికా అంతటా అదే రూలు.

ఎలక్ట్రికల్ బాబాయ్:
అమెరికా అంతటికీ అలాంటి రూలేం లేదండీ. ఊరిని బట్టి, బిల్డింగ్‌ని బట్టి మారుతుంది. బ్రాకెట్ పెట్టుకోమనే నేనూ చెప్తాను, కానీ లేని చట్టం పేరు చెప్పి కుర్రాణ్ని భయపెట్టడం ఎందుకు?

బాబూ, కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తాను. ఏసీ పక్కన లేబుల్ ఉంటుంది. వోల్టులు, ఆంప్స్, గ్యాస్ రకం అన్నీ అందులోనే ఉంటాయి. 115 అని ఉంటే మామూలు సాకెట్‌కి సరిపోతుంది. 230 అని ఉంటే ప్లగ్ ఆకారమే వేరు, నీ గోడకి ఎక్కదు. అడాప్టర్లతో ప్రయోగాలు చేయకు.

ఇళ్లలో సర్క్యూట్ మామూలుగా 15 ఆంప్స్ లేదా 20 ఆంప్స్. 8,000 బీటీయూ ఏసీ ఆరేడు ఆంప్స్ లాగుతుంది. అదే సర్క్యూట్ మీద హెయిర్ డ్రయరో మైక్రోవేవో వేశావంటే బ్రేకర్ పడిపోతుంది. పడిందంటే అది దాని పని అది చేసినట్టే. పదేపదే పడుతుంటే మళ్లీమళ్లీ ఎక్కించకుండా లోడ్ తగ్గించు. ఎవరో వచ్చి పెద్ద బ్రేకర్ వేయించుకో అంటారు, వినకు. గోడలో తీగ అదే ఉంటుంది కదా, వేడెక్కేది అదే.

ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, పవర్ స్ట్రిప్ అసలే వద్దు. నేరుగా గోడ సాకెట్‌కే పెట్టు. సాకెట్‌కి రెండే కన్నాలున్నాయని ప్లగ్ ఎర్త్ పిన్ విరిచేసినవాళ్లని చూశాను. అలా ఉంటే ఓనర్‌కి చెప్పి సాకెట్ మార్పించుకోవాలి.

ప్లగ్ దగ్గర చిన్న డబ్బా, దాని మీద టెస్ట్, రీసెట్ బటన్లు ఉన్నాయేమో చూడు. దాన్ని ఎల్‌సీడీఐ అంటారు. ఏసీ కరెంటు తీగ లోపల దెబ్బతిని కరెంటు లీకైతే అది కట్ చేస్తుంది. సీజన్ మొదట్లో టెస్ట్ నొక్కితే ఆగాలి, రీసెట్ నొక్కితే మళ్లీ రావాలి. టెస్ట్‌కి ఆగకపోతే ఆ ఏసీ వాడకు. రోజూ ఆన్, ఆఫ్ చేయడానికి మాత్రం ఆ బటన్లు కాదు.

లీజు చదివినవాడు:
15 ఆంప్స్‌లో 80 శాతం, అంటే 12 దాకా వాడుకోవచ్చు. ఇంత టెన్షన్ అక్కర్లేదు.

ఎలక్ట్రికల్ బాబాయ్:
ఆ 80 శాతం, సర్క్యూట్ మొత్తం ఏసీ ఒక్కదానికే ఉన్నప్పుడు. లైట్లూ వేరే సాకెట్లూ అదే సర్క్యూట్ మీద ఉంటే ఎలక్ట్రికల్ కోడ్ ప్రకారం ఏసీ వాటా సగమే. 15లో సగం ఏడున్నర. అద్దె గదుల్లో ఏసీకి విడిగా సర్క్యూట్ ఎవరు ఇస్తారండీ?

పై అంతస్తు అక్క:
అడిగిందేమిటి, మీరు చెప్తున్నదేమిటి! తమ్ముడూ, ఒక్కడివే వద్దు. 8,000 బీటీయూ అంటే 20 నుంచి 27 కిలోల దాకా ఉంటుంది, పైగా బరువంతా వెనక వైపే, అంటే కిటికీ బయట ఉండే వైపు. చేయి జారితే అది పడేది నీ కాలి మీద కాదు, కింద నడిచేవాళ్ల నెత్తి మీద. ఇంకో మనిషిని పిలువు. కింద దారిలో ఎవరూ లేనప్పుడే పెట్టండి.

ఏసీని కిటికీలో పట్టి ఉంచేది కింది రెక్క. ఇది బుర్రకెక్కితే మిగతావన్నీ సులువు. ఏసీ పైన అడ్డంగా ఒక ఇనుప అంచు ఉంటుంది. రెక్కని దాని వెనక్కి, అంటే బయటి వైపుకి వచ్చేలా దింపాలి. కింద ఉన్న అంచు కిటికీ గడపకి తన్నుకుని కూర్చోవాలి. రెక్క పూర్తిగా దిగాక, అది మళ్లీ పైకి లేవకుండా పక్క ఫ్రేముకి చిన్న ఎల్ ఆకారం బ్రాకెట్ స్క్రూ చేయాలి. చాలామంది వదిలేసేది ఈ స్క్రూనే. ఏసీ ఉన్నదన్న సంగతి మర్చిపోయి ఎవరో గాలి కోసం కిటికీ ఎత్తుతారు, ఏసీ వెళ్లిపోతుంది.

పై రెక్క కూడా కదులుతుందేమో చూసుకో. రెండు రెక్కల మధ్య సందులో స్పాంజి పట్టీ దూర్చాలి, లేకపోతే దోమలూ వేడీ అక్కడినుంచే. పక్కనున్న మడత పలకలు గాలిని ఆపడానికే, బరువు ఆనించడానికి కాదు. పిల్లలున్న ఇంట్లో ఆ పలకని నమ్ముకుని కిటికీ దగ్గర కుర్చీ వేయకూడదు.

ఎత్తేటప్పుడు ముందున్న ప్లాస్టిక్ జాలీ పట్టుకోకు, ఊడి చేతికొస్తుంది. అడుగు పట్టుకో. వెనక రేకులు బ్లేడులా కోస్తాయి, గ్లవుజులు వేసుకో. కింద బ్రాకెట్ పెడితే దాని మీద రాసున్న బరువు మీ ఏసీ కన్నా ఎక్కువ ఉండాలి. ఇటుకలూ పుస్తకాలూ చెక్క ముక్కలూ పెట్టి ఎత్తు సరిచేయడం మాత్రం వద్దు. గాలికీ వానకీ అవి కదిలిపోతాయి.

పాత బిల్డింగ్ బాధితుడు:
లీజు గురించి అన్నయ్య చెప్పింది వంద శాతం నిజం. నా సంగతి చెప్తాను, పొడుగే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి. మా పాత బిల్డింగ్ ఆఫీసులో అమ్మాయి "పెట్టుకోండి, అందరూ పెట్టుకుంటారు" అంది. పెట్టుకున్నాను, బ్రాకెట్‌తో సహా. ఎండలు ముదిరాక తలుపుకి కాగితం అంటించారు. కింది ఫ్లాటు కిటికీ మీద నీళ్లు పడుతున్నాయి, వెంటనే తీసేయాలి అని. వెళ్లి అడిగితే ఆ అమ్మాయి అక్కడ లేదు, ఆమె అన్న మాట ఎవరికీ తెలియదు. కొత్తాయన, ఏసీ నుంచి నీటి చుక్క కూడా బయటికి రాకూడదంటాడు. తేమ ఎక్కువున్న రోజున ఏసీ నీళ్లు కార్చక పాయసం కారుస్తుందా?

సరే, దాన్ని అలాగే సాగదీశారు. ఖాళీ చేసేటప్పుడు అసలు కథ మొదలైంది. కిటికీ చెక్క కుళ్లిందని, రంగు పోయిందని డిపాజిట్‌లోంచి కోత. ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరికి తగిలిస్తారు, ఆయన మెసేజ్ పెట్టమంటాడు, ఎవరూ తిరిగి చేయరు. నా దగ్గరున్నదల్లా చేరిన రోజు తీసిన ఫొటోలు. అందులో ఆ చెక్క అప్పటికే నల్లబడి, రంగు పొరలుగా లేచి ఉంది. ఫొటోలు జతచేసి, దేనికెంత కోశారో విడివిడిగా రాసి పంపమని ఈమెయిల్ పెట్టాను. చాలా రాష్ట్రాల్లో అలా లెక్క ఇవ్వాల్సిందే. పంపకపోతే చిన్న మొత్తాల తగాదాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్తానని ఒక వాక్యం రాశాను, అంతే. కిటికీ కోత ఎగిరిపోయింది. "క్లీనింగ్" అని ఏదో మాత్రం ఉంచుకున్నారు, దాని కోసం కొట్లాడే ఓపిక లేకపోయింది.

కాబట్టి తమ్ముడూ, ఏసీ పెట్టకముందు కిటికీ నాలుగు పక్కలా ఫొటోలు తీసుకో.

లీజు చదివినవాడు:
క్లీనింగ్ డబ్బులు కూడా వదలకూడదండీ. వాళ్లకి అదే అలవాటు అవుతుంది.

పాత బిల్డింగ్ బాధితుడు:
మీరైతే వదలరు, తెలుసు.

పాతికేళ్ల పాతకాపు:
నీళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఏసీ బయటి వైపుకి బాగా వంచి పెట్టాలి, అడుగున డ్రిల్లుతో చిన్న కన్నం వేయాలి. నీరు చక్కగా పోతుంది. నేనెప్పుడూ అలాగే చేస్తాను.

ఎలక్ట్రికల్ బాబాయ్:
కన్నం వద్దండీ బాబూ! చాలా విండో ఏసీల్లో వెనక ఫ్యాను అంచుకి ఒక రింగు ఉంటుంది. అది అడుగున చేరిన నీటిని ఎత్తి వేడి కాయిల్ మీద చల్లుతుంది. కాయిల్ చల్లబడి కూలింగ్ పెరగడానికే ఆ ఏర్పాటు. లోపల నీళ్ల చప్పుడు వినిపించేది అందుకే, అది రోగం కాదు. మీరు కన్నం వేస్తే ఆ లాభం పోతుంది, డ్రిల్లు పైపుకి తగిలితే గ్యాసూ పోతుంది. వంపు కొంచెమే, బయటి వైపు పావు అంగుళమో అర అంగుళమో కిందికి ఉంటే చాలు. మాన్యువల్ మోడల్ నంబరుతో నెట్‌లో దొరుకుతుంది, అందులో ఎంత రాస్తే అంత.

పాతికేళ్ల పాతకాపు:
పాతికేళ్లుగా కన్నం వేస్తున్నా. ఒక్క ఏసీ కూడా పాడవలేదు.

పై అంతస్తు అక్క:
ఎలా పాడవుతుందండీ, మీరు రెండేళ్లకొకటి మారుస్తారుగా.

నీరు నిలవడం తేలిగ్గా తీసుకునేది మాత్రం కాదు. 2025 జూన్‌లో మిడియా కంపెనీ ఇక్కడ దాదాపు 17 లక్షల యూ ఆకారం విండో ఏసీలని వెనక్కి పిలిచింది. నీళ్లు సరిగ్గా బయటికి పోక బూజు పట్టే అవకాశం ఉందని. చేతికి వచ్చిన పాత ఏసీ ఏదైనా సరే, మోడల్ నంబరు రీకాల్ జాబితాలో ఉందేమో వెతుక్కోవడం మంచిది.

పాతికేళ్ల పాతకాపు:
సరే, అది వదిలేయండి. బాబూ, సీజన్ మొదట్లో గ్యాస్ నింపించుకో. ఏసీలో బయటికి తెరుచుకునే చిన్న మూత ఉంటుంది, వెంట్ అంటారు, అది తెరిచి ఉంచు, తాజా గాలి వస్తుంది. 8,000 తీసుకోవడం మంచి పని. పెద్దదెప్పుడూ మంచిదే.

ఎలక్ట్రికల్ బాబాయ్:
మూడు మాటలు, మూడూ తప్పే. కోపం తెచ్చుకోకండి.

గ్యాస్ ఏటా తరిగిపోయే సరుకు కాదు. విండో ఏసీలో గ్యాస్ మూసేసిన పైపుల్లో తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. ఇక్కడ దాని మీద చెయ్యి వేయాలంటే ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ వారి సెక్షన్ 608 సర్టిఫికెట్ ఉండాలి, గాల్లోకి వదలడం నేరం. లేబుల్ మీద ఆర్-22 అని ఉంటే అది బాగా పాతది, ఆ గ్యాస్ కొత్తగా తయారుచేయడం, దిగుమతి చేయడం 2020 నుంచి ఇక్కడ ఆపేశారు. పారేయాల్సి వచ్చినా చెత్తకుండీ పక్కన పెట్టకూడదు, ముందు గ్యాస్ తీయించాలి. మీ ఊరి పారిశుద్ధ్య విభాగాన్ని అడిగితే పద్ధతి చెప్తారు.

కూలింగ్ తగ్గితే చాలాసార్లు కారణం ఫిల్టరే. ముందువైపు జాలీ తీసి, ఫిల్టర్ని గోరువెచ్చటి నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టు. రోజంతా వాడితే రెండు వారాలకొకసారి చూడాలి. ముందువైపు కాయిల్ మీద మంచు కట్టినా మొదటి అనుమానం ఫిల్టర్ మీదే. అప్పుడు కూలింగ్ ఆపి ఫ్యాను మాత్రమే తిప్పు, కత్తితో గీకకు. బయట బాగా చల్లగా ఉన్న రాత్రి నడిపినా మంచు కడుతుంది. ఇవన్నీ చూశాకా మంచు కడుతుంటే అప్పుడు గ్యాస్ సంగతి ఆలోచించాలి. లోపలికి చేయి పెట్టే ఏ పనికైనా ముందు ప్లగ్ తీసేయాలి.

వెంట్ తెరిస్తే చాలా మోడళ్లలో గది గాలే కొంచెం బయటికి పోతుంది. చల్లబరిచిన గాలిని పారేయడం ఎందుకు, మూసి ఉంచు.

ఇక సైజు. 150 నుంచి 250 చదరపు అడుగులకి 6,000 బీటీయూ చాలు. ఎండ దంచే గది అయితే పది శాతం పెంచుకోవాలి, గదిలోనే వంట అయితే 4,000 కలపాలి. అవసరానికి మించినది గదిని గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగేంత సేపు నడవదు. చల్లగా ఉంటుంది, జిడ్డుగానూ ఉంటుంది. ఊరికే వచ్చింది కాబట్టి వాడుకో, ఫ్యాను తక్కువ స్పీడులో పెడితే కొంత నయం.

పై అంతస్తు అక్క:
ఆపాక వెంటనే మళ్లీ ఆన్ చేయకు, కనీసం మూడు నిమిషాలు ఆగు. లోపల ఒత్తిడి సర్దుకోకముందే కంప్రెసర్ లేవడానికి కష్టపడుతుంది. సీనియర్ దాన్ని కార్లో పక్కకి పడుకోబెట్టి తెచ్చారా? అయితే నిలబెట్టి ఒక రోజు వదిలెయ్, ఆయిల్ కిందికి దిగాలి.

కొత్త అద్దెదారు:
అందరికీ చాలా థ్యాంక్స్. లేబుల్ చూశాను. 115 వోల్టులు, 6.4 ఆంప్స్, ఆర్-410ఏ. టెస్ట్ బటన్ పనిచేస్తోంది. నిలబెట్టే తెచ్చారు. ఆఫీసుకి ఈమెయిల్ పెట్టాను, ఫొటోలు తీశాను. శనివారం ఫ్రెండ్ వస్తున్నాడు. ఒక్క డౌటు. ఆ కిటికీ బయట ఇనుప మెట్లు ఉన్నాయి. ఏసీ వెనక భాగం వాటి మీద ఆనుకుంటుంది, అప్పుడు బ్రాకెట్ అక్కర్లేదు కదా?

ఎలక్ట్రికల్ బాబాయ్:
అది ఫైర్ ఎస్కేప్! ఆ కిటికీలో పెట్టనే కూడదు. మంటలొస్తే నువ్వు బయటపడే దారి అదే, పై అంతస్తువాళ్లు దిగే దారీ అదే. ఈ మాట మొదటే అడగాల్సింది మేము. గదిలో ఇంకో కిటికీ ఉందా?

కొత్త అద్దెదారు:
ఉందండీ. కానీ అది పక్కకి జరిగే రకం.

పై అంతస్తు అక్క:
అయితే ఈ ఏసీ దానికి పనికిరాదు తమ్ముడూ. పక్కకి జరిగే కిటికీలకి నిలువుగా సన్నగా ఉండే మోడల్ వేరే ఉంటుంది. కిటికీ తెరిచినప్పుడు వచ్చే వెడల్పూ ఎత్తూ కొలిచి ఇక్కడ పెట్టు.

పాతికేళ్ల పాతకాపు:
కొనడం ఎందుకు? ఇదే ఏసీ పెట్టి పైనున్న ఖాళీకి ప్లైవుడ్ కోసి కొట్టేస్తే సరి.

ఎలక్ట్రికల్ బాబాయ్:
పై నుంచి నొక్కి పట్టే రెక్కే లేదు కదండీ ఆ కిటికీకి. ఏసీని పట్టి ఉంచేది ఏమిటి, మీ ప్లైవుడ్డా?